గోదావరిఖనిలో చల్లటి నీళ్లు

మే నెల. ఉదయం ఏడింటికి సికింద్రాబాద్‌లో జనరల్ పెట్టె ఎక్కాను. గోదావరిఖని బొగ్గుగనిలో పనిచేసే బావకు కామెర్లు ముదిరాయి, వెంటనే రమ్మని ముందురోజు అక్క ఫోన్ చేసింది. నీళ్లు శుద్ధి చేసే మిషన్లు బిగించడం నా పని. వాళ్లింట్లో మిషన్ కూడా నేనే బిగించాను. అందుకే ఇది నీళ్ల వల్ల వచ్చిన జబ్బని డాక్టరన్నాడంటే నమ్మబుద్ధి కాలేదు.

కాజీపేటలో ఇడ్లీ కొని, పొట్లం విప్పకుండానే పక్కన పెట్టాను. ఎదుటి సీట్లో మందమర్రి పెద్దమనిషి, బొగ్గుబాయిలో చేసి రిటైరైనవాడు, సంగతి అడిగి తెలుసుకున్నాడు.

"ఏం గాదు తమ్మీ. నాకు రెండుసార్లొచ్చినయ్ కామెర్లు. ఉన్న గద!"

ఆ మాటే పట్టుకుని పదకొండున్నరకు రామగుండంలో దిగాను. ఎండకు మాడు పగిలిపోతోంది. షేర్ ఆటోకు ముప్పై రూపాయలిచ్చి గోదావరిఖని దవాఖాన చేరాను. బావ కళ్లు పచ్చగా పసుపు పూసినట్టున్నాయి. నన్ను గుర్తుపట్టి ఒకటే అడిగాడు.

"బామ్మర్దీ, జరన్ని సల్లటి నీళ్లు తాపు."

సాయంత్రం స్నానానికని అక్కావాళ్ల క్వార్టర్‌కు వెళ్లి ముందు మిషన్ విప్పాను. లోపలి నీలం లైటు బాగానే వెలుగుతోంది, దాని గాజు గొట్టం శుభ్రంగా ఉంది. ఏ లోపమూ లేదు. అక్క తలుపు దగ్గర నిలబడి చెప్పుకుపోయింది.

"బాయిల ఉక్క నీకెర్కనే గద. డబ్బల సల్లటి నీళ్లు లేకుంటే ఆయనకు పానం నిలువది. లైటుకు నీళ్లు ఎచ్చగైతున్నయని నీకు ఫోన్ జేస్తి. బంద్ చెయ్యక్కా, సల్లబడ్తయంటివి. అప్పటిసంది రాత్రే బంద్ చేస్తున్న. పొద్దుగాల లైటెయ్యకముందే ఫస్టు షిఫ్టుకు గా సల్లటి నీళ్లే నింపిస్తున్న."

విప్పిన మూతను నేల మీద పెట్టాను. ఆ మాట నాదే. అది పాత రకం మిషన్, లైటు ఆరినా నీళ్లు వస్తాయి. క్రిములను చంపేదేమో ఆ లైటే. మళ్లీ వేసి, రెండు నిమిషాలు ఆగి పట్టుకోమని చెప్పాల్సింది. ఎవరింట్లోనో నిచ్చెన మీదుండి, సగం మాటతో ఫోన్ పెట్టేశాను. మీ ఇంట్లోనూ ఇలాంటిదుంటే ఒక్క ముక్క గుర్తుంచుకోండి. లోపల నిలిచిన నీళ్లు లైటు వేడికి వెచ్చబడతాయి. మొదటి రెండు గ్లాసులూ పారబోయండి, లైటు మాత్రం ఆర్పకండి.

మూడో రోజు పొద్దున బావ పోయాడు.

దినాలయ్యాక అక్క అడిగింది.

"మిషన్లనే ఏమన్న ఖరాబుండెనా తమ్మీ?"

నిజం చెబితే నా తప్పుతో పాటు, రోజూ డబ్బా నింపిన తన చేతులు కూడా ఆమెకు కనబడతాయి. "ఔనక్కా, ఖరాబైంది" అన్నాను. ఆమె మీద జాలితోనే అన్నానని చెప్పుకోవాలని ఉంది. కానీ అందులో పిరికితనమే ఎక్కువ. మిషన్ ఊడదీసి సంచిలో వేసుకున్నాను.

మధ్యాహ్నం రెండున్నరకు తిరుగు రైలు. కిటికీ సీటు దొరికింది. పక్కనావిడ నా ఒళ్లోని సంచిలోకి చూసి, "గదేంది తమ్మీ, ఖరాబైందా?" అంది.

"లేదక్కా, మంచిగనే ఉంది."

ఆ ఊరు దాటాక గాని నిజం నోట్లోంచి రాలేదు. బయల్దేరేటప్పుడు అక్క నా చేతిలో ఒక సీసా పెట్టింది. "కాగబెట్టిన నీళ్లే తమ్మీ, ఫికర్ లేకుంట తాగు" అంది. కాజీపేట దాటేదాకా ఆ సీసా వెచ్చగానే ఉంది. నోరు పిడచగట్టుకుపోయినా మూత తియ్యలేకపోయాను.