అత్తమ్మ తొలి పత్తి, నా బండి కొత్త ఫిల్టర్

నా బండికి ఊపిరి ఆడటం లేదని నాకు నేనే తీర్మానించుకున్నాను. బండి ఎప్పుడూ ఆ మాట అనలేదు. నూటయాభై సీసీ పాత బండి అది. కాశిబుగ్గలోని మా ఇంటి నుంచి హనుమకొండలో నేను పనిచేసే బట్టల షాపు దాకా రోజూ మూలగకుండా తిరుగుతుంది. కానీ వెనక ఒక మనిషి ఎక్కితే హైవే మీద లారీని దాటడానికి ముందు చిన్న ప్రార్థన చేసుకోవాల్సి వచ్చేది. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి, ఇంజన్‌కు పోయే గాలిని వడకట్టే కంపెనీ గాలి డబ్బా పీకేసి, చుట్టూ మూత లేని ఓపెన్ కోన్ ఫిల్టర్ పెడితే బండి గుర్రమైపోతుందని నమ్మాను. దానికి తోడు నవంబర్‌లో తొర్రూరు దగ్గర మా అత్తగారి చర్చి సంఘంలో కోత పండుగ ఉంది. కొత్త ఫిల్టర్‌ను పరీక్షించడానికి అంతకంటే మంచి రోడ్డు ఎక్కడ దొరుకుతుంది?

మా గల్లీ చివర షెడ్డు నడిపే అజీజ్ భాయ్ నాకంటే ఎక్కువ హుషారు పడ్డాడు. "మస్తుంటది తమ్మీ, సౌండ్ ఇంటే పక్కకు జరుగుతరు" అన్నాడు. ఫిల్టర్ పదకొండు వందలు. గాలి ఎక్కువ లోపలికి పోతే దానికి తగ్గ పెట్రోలు కూడా పోవాలి కాబట్టి కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ కూడా పెద్దది వేయాలి. ఇది మాత్రం వదిలేయొద్దు, లేకపోతే ఇంజన్ కాలిపోయేంత వేడెక్కుతుంది. జెట్టూ మజూరీ కలిపి ఇంకో ఐదు వందల దాకా అయ్యింది. పక్క కవరు వెనక డబ్బా ఉండాల్సిన చోట ఇప్పుడు ఫిల్టర్ నూనె పూసుకుని, కుడివైపుకు తిరిగి, నోరు తెరుచుకుని కూర్చుంది. అందంగా కనబడాలని ఆ పక్క కవరు కూడా తీసేయించాను.

ఆదివారం పొద్దున ఏడున్నరకు బయలుదేరాను. నా భార్య శాంతి క్వయర్‌లో పాడుతుంది కాబట్టి ముందురోజే తొర్రూరు వెళ్లిపోయింది. వాళ్లమ్మ రాహేలమ్మను దారిలో వాళ్ల ఊళ్లో ఎక్కించుకుని, పదకొండుకు జరిగే కానుకల ప్రార్థనకు అందించడం నా పని. మామునూరు దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, బండి నిజంగానే మారిపోయింది. మూడో గేరులో గుంజే తీరే వేరు. రోడ్డు పక్క తుమ్మ చెట్లకు మార్కెట్ బండ్ల మీది నుంచి ఎగిరిపడిన పత్తి పోగులు వేలాడుతున్నాయి. చూడటానికి బాగున్నాయనుకున్నాను తప్ప నాకు ఇంకేమీ తట్టలేదు. వర్ధన్నపేటలో చాయ్ తాగి, రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న అత్తమ్మ ఊరికి తొమ్మిదిలోపే చేరాను.

అత్తమ్మ తెల్ల చీర కట్టుకుని, పాత గుడ్డలో కట్టిన మూట పక్కన పెట్టుకుని గడప మీదే కూర్చుంది. తొలి ఏరుడు పత్తి. కోత పండుగకు ఆ సంఘంలో ప్రతి ఇంటివాళ్లూ తమ పంటలో మొదటిది తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. పాస్టర్ గారు ప్రార్థన చేశాక వాటిని వేలంపాట పెట్టి అమ్ముతారు. పోయినేడు వానలకు అత్తమ్మ చేనులో కాయంతా కుళ్లిపోయింది. ఉత్త చేతులతో వెళ్లి చెప్పుల దగ్గర కూర్చుని వచ్చింది. వచ్చే ఏడు మొదటి ఏరుడు మొత్తం తెస్తానని అక్కడే మొక్కుకుంది. అందుకే ఈ పత్తిని కూలీలను పెట్టకుండా తనే ఏరింది.

"బస్సుకు పోదాం బిడ్డా, మూట ఉన్నది గదా" అంది.

"బస్సెందుకత్తమ్మా? ఇప్పుడు మన బండి కథే వేరు."

ఆమె ఎప్పటిలాగే ఎడమవైపుకు తిరిగి కూర్చుంది. బరువు సరిపోవాలని మూటను కుడివైపు సీటుకు ఆనించి తాడుతో బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రాయపర్తి దాటేదాకా బాగానే పోయింది. తర్వాత బండి ఒకసారి దగ్గింది. యాక్సిలరేటర్ తిప్పితే ముందుకు పోవడానికి బదులు వెనక్కి లాగుతున్నట్టుంది. సైలెన్సర్ నుంచి నల్లటి పొగ. "ఏమైంది బిడ్డా, బండి దమ్ముకు గుంజుతాంది?" అంది అత్తమ్మ. ఏం లేదత్తమ్మా అనేలోపే ఆగిపోయింది.

పెట్రోలు చూశాను, ప్లగ్గు చూశాను. ఫిల్టర్ చూద్దామని మూట విప్పాను. అక్కడ ఫిల్టర్ లేదు, తెల్ల కుందేలు కూర్చుని ఉంది. తాడు రాపిడికి మూట గుడ్డ చిరిగింది. సరిగ్గా ఆ చిరుగు ఫిల్టర్‌కు ఎదురుగా వచ్చింది. దారి పొడవునా నా బండి అత్తమ్మ పత్తిని పీల్చుకుంటూ వచ్చిందన్నమాట. నాకు నవ్వు ఆగలేదు. అత్తమ్మ ముఖం చూసి ఆపుకున్నాను.

"గుప్పెడే కదత్తమ్మా, దులిపేస్తే బండి స్టార్టయితది. పోదాం పా."

"గుప్పెడైనా మొక్కిన దాంట్లదే గదా. దేవునికి ఇస్తనన్నంక నీ బండి తింటదా?"

ఫిల్టర్ ఊడదీసి ఇమ్మంది. రోడ్డు పక్కన కూర్చుని, ఒడిలో పెట్టుకుని పోగు పోగూ లాగడం మొదలుపెట్టింది. నూనెకు అంటుకున్న పత్తి నల్లగా వస్తోంది. తొర్రూరు బస్సు కనబడితే చెయ్యెత్తి ఆపాను. "మూట పట్టుకుని నువ్వు పో అత్తమ్మా, ఇది తీసుకుని నేను వెనక వస్తా" అని బతిమాలాను. "ఇది గూడ నా చేతులనే పోవాలె. నువ్ ఫికర్ చెయ్యకు" అంది తల ఎత్తకుండానే. బస్సు వెళ్లిపోయింది. ఇంక చేసేదేం లేక నేనూ పక్కన కూర్చుని లాగాను. చివరికి అరచేతిలో పట్టేంత నల్ల ముద్ద అయ్యింది. దాన్ని కొంగున ముడేసుకుని "ఇగ పా" అంది. ఫిల్టర్ మళ్లీ బిగించి, చిరుగును నా రుమాలుతో కట్టి, మూటను ఈసారి ఆమె ఒళ్లో పెట్టాను.

మేం చేరేసరికి కానుకల ప్రార్థన అయిపోయింది. షామియానా కింద గుమ్మడికాయల పాట నడుస్తోంది. శాంతి నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. అత్తమ్మ మూట పట్టుకుని, పోయినేడు కూర్చున్న చెప్పుల దగ్గరే నిలబడిపోయింది. హాయిగా బస్సులో ముందే వచ్చి కూర్చోవాల్సిన మనిషిని నా సోకు కోసం ఇలా నిలబెట్టాను.

పాస్టర్ గారు చూశారు. పాట ఆపించి "రాహేలమ్మా, లోపటికి రా" అని తనే ముందు నడిచారు. ఆమె బల్ల ముందు మూట పెట్టింది. కొంగు విప్పి, దాని పక్కన నల్ల ముద్ద పెట్టింది.

"ఇదేందమ్మా?"

"మా అల్లుని బండి తిన్నదయ్యగారూ. కక్కిచ్చి తెచ్చిన. ఇది గూడ తొలి పత్తే."

వెనక నిలబడ్డవాళ్లంతా నవ్వారు. పాస్టర్ గారు నవ్వుతూనే కళ్లు మూసుకుని, ఆమె ఒక్కదాని కోసం ప్రార్థన మళ్లీ చేశారు. తర్వాత పాటలో తెల్ల మూట ఒక వ్యాపారికి పోయింది. సంఘ పెద్ద నల్ల ముద్దను పైకెత్తి "బండి తిన్న పత్తి! ఎవరికి గావాలె?" అని కేకేశాడు. మొదటి పాట పాడింది ఎవరో కాదు, శాంతి. నేను పెంచితే తను పెంచింది, తను ఆపేదాకా నాకు తప్పలేదు. చివరికి ఫిల్టర్ కంటే ఆ ముద్దకే ఎక్కువ పడింది.

ఇంటికొచ్చాక పాత గాలి డబ్బా మళ్లీ పెట్టించాను. దాని లోపలే పట్టే, కడుక్కోవడానికి వీలైన ఫిల్టర్ ఒకటి వేశాం. ఓపెన్ ఫిల్టర్ అంత గుంజుడు లేదు కానీ మా రోడ్లకు ఇది చాలు. మీరు పత్తి సీజన్‌లో ఇటు వచ్చేట్టయితే నేను చెప్పేది ఒక్కటే: బండికి ఏ ఫిల్టర్ పెట్టుకున్నా, అది గాలి పీల్చే వైపు మూట కట్టకండి. నల్ల ముద్ద ఇప్పుడు నా టూల్ డబ్బాలో ఉంది. పండుగ రోజు సాయంత్రం తిరుగు ప్రయాణానికి శాంతి వాళ్లమ్మను బస్సెక్కమంది. నేను కూడా అదే మంచిదన్నాను. అత్తమ్మ మా ఇద్దరి మాటా వినకుండా వచ్చి బండి మీద కూర్చుంది. ఖాళీ చేతులు రెండూ నా ముందుకు చాపి చూపించింది.

"ఇగ నీ బండి తినెటందుకు నా దగ్గర ఏం లేదు బిడ్డా. అంత ఇచ్చేసిన. పోనియ్."