పచ్చడి డబ్బా బ్యాటరీ

సరోజన కూతురింటికి వచ్చి కుదురుకున్న కొత్తలో ప్రాణహిత ఒడ్డున ఉన్న ఆ ఊరి ఆడవాళ్లు అడిగిన మొదటి మాట, గనిలో ఆడవాళ్లు ఏం పని చేస్తారని. ఆమెకు ఆ ప్రశ్న కొత్త కాదు. శ్రీరాంపూర్ బొగ్గు గనిలో భర్త ఊపిరితిత్తులు చెడి పని మానేస్తే ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. కంపెనీ ఆమెను గని దింపలేదు. పైనే, లాంప్ రూంలో కూర్చోబెట్టింది. కార్మికులు నెత్తిన పెట్టుకునే దీపాలకు చార్జింగ్ పెట్టడం, షిఫ్టుకు ఇవ్వడం, షిఫ్టు దిగాక తీసుకోవడం ఆమె పని. ఇంతేనా అన్నట్టు మొహం పెట్టినవాళ్లకు సరోజన ఇంకో గ్లాసు చాయ్ పోసి, ఆ కిటికీ సంగతి మొదటినుంచి చెప్పేది.

కిటికీ అవతలి కార్మికుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తాడు. ఇవతల సరోజన ఆ బిళ్లను మేకుకు తగిలించి, అదే నంబరు దీపం అతని చేతిలో పెడుతుంది. దీపాన్ని ఆర్పి ఉంచే ఇస్తారు. తీసుకున్నవాడు కిటికీ ముందే వెలిగించి, ఆమె మొహం మీదికి ఒకసారి చూపించి, "పోయొస్త సరోజనక్కా" అని కదలాలి. సాయంత్రం దీపం తిరిగొస్తే బిళ్ల తిరిగి వెళ్తుంది. మేకుకు బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. అందుకే లాంప్ రూం గోడకున్న దేవుడి పటం కంటే ఆ మేకులనే ఆమె ఎక్కువగా చూసింది. మిగిలిపోయిన బిళ్ల కనబడితే ఆ నంబరు దీపం వచ్చేదాకా కిటికీ వదిలేది కాదు.

భర్త పోయాడు, ఉద్యోగం ముగిసింది, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఒక్కగానొక్క కూతురు నిఖిత అంగన్‌వాడీ టీచరు. అల్లుడు శ్రావణ్ అటవీ శాఖలో వాచర్. వాళ్లు బతిమాలితే వచ్చిందే కానీ, అల్లుడింట్లో కూర్చుని తినడమంటే సరోజనకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. వాకిలి రెండుసార్లు ఊడ్చేది. కడిగిన గిన్నెలే కడిగేది. నిఖితకు తల ప్రాణం తోకకు వచ్చింది.

అప్పుడే శ్రావణ్ కష్టం ఆమె కంటపడింది. ఊరికి దూరంగా నది మీదికి వాలిన ఒక గుట్ట చరియలో రాబందుల జంట గూడు పెట్టింది. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టే జాతి అది. ఆ గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది. గూటికి ఎదురుగా రాతికి ఒక కెమెరా కట్టారు. ముందు ఏది కదిలినా అది దానంతటదే ఫొటో తీస్తుంది. చిక్కల్లా దాని తిండి. పక్షులు రెక్క విదిల్చినా, గాలికి గడ్డి ఊగినా క్లిక్కుమంటూ పెన్సిల్ సెల్లను బఠానీల్లా నమిలేసేది. కొత్త సెల్లు వేయడానికి శ్రావణ్ తాడు పట్టుకుని దిగినప్పుడల్లా తల్లిపక్షి బెదిరి లేచిపోయేది. పిల్ల ఒంటరిగా చరియ అంచుకు జరిగేది. ఇంకొన్నాళ్లయితే రెక్కలు విప్పి చూసుకునే వయసు వస్తుంది, అప్పుడు బెదిరిందంటే ఎగరడం రాకముందే దూకుతుంది. అది ఎగిరిపోయేదాకా మనిషి నీడ దాని మీద పడకూడదని శ్రావణ్ తపన.

కెమెరా మెమరీ కార్డులోని ఫొటోలను శ్రావణ్ ఫోన్‌లో చూపిస్తుంటే సరోజనకు పక్షుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఒకటి గూట్లో ఉంటే ఇంకోటి మేతకు పోవడం చూసి వాటికి మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు అని పేర్లు పెట్టింది. తెల్లటి నూగుతో, పెద్ద ముక్కుతో, ఎవరో తిట్టినట్టు మొహం పెట్టుకున్న పిల్ల పేరు బదిలీ. గనిలో కొత్తగా చేరి, పర్మినెంట్ కోసం ఎదురుచూసే కుర్రాళ్లను బదిలీ వర్కర్లంటారు. వాళ్ల మొహాలూ అట్లాగే ఉండేవని ఆమె వాదన.

బయటినుంచి కరెంటు తీసుకునే రంధ్రం ఆ కెమెరాకు ఉందని తెలిశాక సరోజన చెయ్యి ఊరుకోలేదు. పత్తికి మందు కొట్టే పంపులో ఉండే బ్యాటరీ ఒకటి తెప్పించింది. చెవి దగ్గర పెట్టి ఊపి చూసింది, మీటరు పెట్టి చూసింది, నిండా చార్జింగ్ చేసి రెండు రోజులు పక్కన పెట్టి మళ్లీ చూసింది. దాన్ని పెట్టడానికి నిఖిత మామిడికాయ పచ్చడి దాచుకున్న, లోపలిది బయటికి కనబడే ప్లాస్టిక్ డబ్బాను ఖాళీ చేసింది. వాసనకు ఎలుగుబంటి వస్తుందని నిఖిత ఎగతాళి చేస్తే, సరోజన దాన్ని నిమ్మతొక్కలతో రుద్ది మూడెండలు ఎండబెట్టింది. పొడుగు వైరు లాగితే కొండముచ్చులు పీకుతాయి కాబట్టి డబ్బా కెమెరా కిందనే ఉండాలని శ్రావణ్ చెప్పాడు.

డబ్బాకు స్విచ్ కోసం బెజ్జం పెట్టడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. వైరు కోసం పెట్టిన ఒక్క బెజ్జాన్నే జిగురుతో మూసేసింది, ఇంకోటి పెడితే వాన నీళ్లు పోతాయి. పైగా గనిలో దీపానికి ఎక్కడా సందు ఉండకూడదన్నది ఆమె రక్తంలో ఇంకిపోయిన మాట. అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే చిన్న స్విచ్ ఒకటి లోపల అతికించింది, దాని పక్కనే ఒక ఇనుప బిళ్ల పెట్టింది. బయట ఆ చోట నిఖిత గోళ్ల రంగుతో చుక్క పెట్టింది. చుక్క మీద అయస్కాంతం అంటిస్తే కరెంటు పారి, డబ్బా లోపల గోరంత ఎర్ర లైటు వెలుగుతుంది. తీస్తే ఆరిపోతుంది.

శ్రావణ్ బయల్దేరిన పొద్దున డబ్బాను కిటికీలోంచే అందించింది, అలవాటు ఎక్కడికి పోతుంది. అయస్కాంతాన్ని చుక్క మీద కాకుండా మూత మీద టేపుతో అంటించింది. దీపం ఆర్పే ఇవ్వాలి కదా. తలుపు మేకుకు ఒక సోడా మూత తగిలించింది, డబ్బా తిరిగొచ్చేదాకా అదే దాని బిళ్ల. శ్రావణ్ డబ్బాను సంచిలో వేసుకుని బండెక్కాడు. కొత్త సెల్లు వేసి, వైరు గుచ్చి, డబ్బాను కట్టి దిగి వచ్చాడు. ఇక పిల్ల ఎగిరేదాకా అటు పోనక్కర్లేదని ఆ రోజు ఇంట్లో అందరూ సంబరపడ్డారు. సరోజన వాకిలి ఒక్కసారే ఊడ్చింది.

వారం గడిచిందో లేదో, పక్కింటి హనుమండ్లు వచ్చి టార్చి అడిగాడు. అతనూ గోదావరిఖనిలో బొగ్గు తీసి వచ్చినవాడే, ఇప్పుడు వరి పండిస్తున్నాడు. మోటరు గదిలో చీకటిగా ఉందట. సరోజన టార్చి చేతికిచ్చింది. అతను పట్టపగలు, ఆమె ముందే, స్విచ్ నొక్కి వెలుతురు ఆమె మొహం మీదికి చూపించి, పోయొస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

సరోజన చేతిలోని చిక్కుడుకాయలు చేతిలోనే ఉండిపోయాయి. శ్రావణ్ వెలిగించి చూపలేదు. అతను గని మనిషి కాదు, అతనికెట్లా తెలుస్తుంది? చెప్పాల్సింది తను. తీసుకున్నవాడే వెలిగిస్తాడన్న ధీమాతో ఆర్పిన డబ్బాను చేతిలో పెట్టి, సోడా మూత తగిలించి మురిసిపోయింది. కెమెరా ఇప్పుడు తనలోని సెల్లనే తింటోంది. అవి అయిపోయాయంటే ఆగిపోతుంది. ఒకసారి ఆగితే చేత్తో నొక్కితే తప్ప లేవదు. అంటే మనిషి దిగాలి. సరిగ్గా బదిలీ రెక్కలు విప్పే రోజుల్లో.

శ్రావణ్ ఇంటికొచ్చేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. అతను చెప్పులు విప్పకముందే జరిగిందంతా చెప్పి, మూత మీది అయస్కాంతాన్ని ఏమనుకున్నావని అడిగింది. అతను తల గోక్కుని, దిష్టికి పెట్టిందనుకున్నానన్నాడు. లోపల కూరగిన్నె దించుతున్న నిఖిత నవ్వు ఆపుకోలేక పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. సరోజనకు నవ్వు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పు నాదే, బిడ్డా. పిల్లకేమన్న అయితె నా పానం ఊకోదు," అంది.

"నేను గూడ అడగకపోతి గదా అత్తమ్మా. జర ఆలోచన జెయ్యనియ్యి. దిగకుండనే ఏమన్న జేద్దాం," అన్నాడు శ్రావణ్.

అతను ఆలోచించింది భోజనం చేస్తూనే. చింతకాయలు రాల్చే దోటి గోడకు ఆనించి ఉంది, దాన్ని చూస్తూ అన్నం కలపడం మర్చిపోయాడు. డబ్బాను వైరు గూటి వైపుకు ఉండేలా కట్టానని చెప్పి, చుక్క దానికి వెనక వైపు ఉందా అని అడిగాడు. ఉందని సరోజన చెప్పింది. చుక్క వెనక ఇనుప బిళ్ల ఉంది కదా, అయస్కాంతాన్ని దగ్గరికి తెస్తే చాలు, అదే పోయి అంటుకుంటుంది. అయితే పైన పొద మాటున పడుకుని దోటి కిందికి వదిలితే అందుతుందని అతని లెక్క. అప్పుడు సరోజన లేచి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం తెచ్చి, దోటి చివర లాగితే ఊడిపోయే ముడి వేసింది. ఆ దోటితో ఇంట్లోని డబ్బాల మీద ఇద్దరూ సాధన మొదలుపెట్టారు. నిఖిత పప్పు డబ్బా రెండుసార్లు ఒలికింది.

పిల్ల కాస్త పెరిగాక పెద్ద పక్షులు రెండూ ఒకేసారి మేతకు పోతున్నాయి, మర్నాడు మధ్యాహ్నం ఆ వేళ చూసి వెళ్లారు. సరోజనను రావద్దంటే వినలేదు. గుట్ట ఎక్కలేదు కాబట్టి కింద, నది ఇసుకలో, కొంగు నెత్తిన కప్పుకుని నిలబడింది. పైన శ్రావణ్ బోర్లా పడుకోవడం, దోటి మెల్లగా దిగడం చుక్కల్లా కనబడ్డాయి. దోటి ఆగింది. ఊగింది. మళ్లీ ఆగింది. ఎర్ర లైటు ఆమెకు కనబడే దూరం కాదు. అరిచి అడిగితే పిల్ల బెదురుతుంది.

అంతలో దోటి పైకి పోయింది. శ్రావణ్ వెనక్కి పాకి గుట్ట అంచున లేచి నిలబడ్డాడు. జేబులోంచి టార్చి తీసి, మిట్టమధ్యాహ్నపు ఎండలో, సూటిగా ఆమె మొహం మీదికి ఒకసారి వెలిగించి ఆర్పాడు. అంత ఎండలో ఆ మినుకు ఇంకెవరికైనా కనబడేదో లేదో చెప్పలేం కానీ, సరోజనకు కనబడింది. ఇసుకలో అట్లాగే కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. దోటిని భుజాన వేసుకుని దిగి వస్తూ అతను నడిచినంత దర్జాగా పెళ్లినాడు కూడా నడవలేదు.

ఆ ఎండాకాలం ఆమెకు హాయిగా గడిచింది. వాకిట్లో పిల్లలను కూర్చోబెట్టుకుని రాబందు కథలు చెప్పేది, మామిడికాయ పచ్చడి పెట్టి కొత్త డబ్బాకు ఎత్తింది. అల్లుడింట్లో ఉన్నానన్న మాట ఎప్పుడు మర్చిపోయిందో ఆమెకే తెలియదు. తొలకరికి ముందు, గూటి దగ్గర అలికిడి లేదని రూఢి చేసుకుని శ్రావణ్ కెమెరాను, డబ్బాను విప్పుకొచ్చాడు. బ్యాటరీలో ఇంకా జీవం ఉంది. ముగ్గురూ ఫోన్ మీద తలలు ఆనించి ఫొటోలు చూశారు. బదిలీ నూగు రాల్చుకుంది. అంచున నిలబడి రెక్కలు విప్పింది, ముడిచింది, మళ్లీ విప్పింది. తర్వాతి ఫొటోలో గాలి అందుకుని, కాళ్లు రాయిని వదిలి ఉంది. ఆ తర్వాతివన్నీ ఖాళీ రాళ్లే. ఖాళీ రాయి, ఊగుతున్న గడ్డి, ఖాళీ రాయి.

నిఖిత ఇక చాలని ఫోన్ పక్కన పెట్టబోయింది. సరోజన పెట్టనివ్వలేదు. ఆ ఖాళీ ఫొటోలను ఒక్కొక్కటే, తృప్తిగా, చివరిదాకా చూసింది. తర్వాత లేచి, డబ్బా తిరిగొచ్చింది కాబట్టి మేకు మీది సోడా మూత తీసి కొంగున ముడేసుకుంది.

"లాంప్ రూంల ఉన్నన్ని దినాలు, పోయినోళ్లు ఎప్పుడొస్తరా అనే చూసిన," అంది. "గీ ఒక్కటి రాకున్నా ఫికర్ లేదు."