లింగవ్వ తిట్టని పెద్దమనిషి

ఎడపల్లి దాటి బోధన్ వైపు పోతుంటే కాలువ పక్కన ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి ఆడపిల్లను చేసుకున్న అల్లుడెవడూ లింగవ్వ చేత తిట్లు తినకుండా ఇంటికి పోలేదు. పెళ్లిలో మగపెళ్లివారు బంతిలో కూర్చుని తింటుంటే ఆడపిల్ల తరఫు ఆడవాళ్లు వాళ్లను పాటలో ఎగతాళి చేస్తారు కదా, ఆ పాటలు అప్పటికప్పుడు కట్టడంలో లింగవ్వది అందెవేసిన చెయ్యి. ఇప్పుడామెకు అరవై ఎనిమిదేళ్లు. పళ్లు నాలుగు పోయాయిగానీ నోరు పోలేదు.

ఆమె పాట మొదలైంది ఆమె పెళ్లిలోనే. నిజానికి ఆ రోజు పాడవలసింది ఆమె మేనత్త గంగవ్వ. గంగవ్వ ముందురోజు గాజులవాడితో పొద్దంతా బేరమాడి గొంతు పోగొట్టుకుంది. గాజులు మాత్రం వాడు చెప్పిన ధరకే కొన్నది. మరునాడు బంతిలో పెళ్లికొడుకు పెద్దమ్మ పప్పు నోట్లో పెట్టుకుని, నలుగురికీ వినబడేట్టు, "గిదేం పప్పమ్మా, గింజను ఎతుకుదామంటే గాలం ఎయ్యాలె" అన్నది. ఆడపిల్ల తరఫున ఒక్కరూ బదులు పలకలేదు. గంగవ్వ నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు.

బాసింగం కట్టుకుని తల వంచుకు కూర్చున్న పద్దెనిమిదేళ్ల లింగవ్వ ఓర్చుకుందామనే చూసింది. వల్ల కాలేదు. తల ఎత్తకుండానే అందుకుంది.

"పప్పు పల్చనన్న పెద్దమ్మ సూడుండ్రి
పప్పుల మునిగితే పైటంత తడిసె
మూడు బుక్కలకే మొలకట్టు వదులాయె
నాలుగో బుక్కకు నడుమె మాయమాయె"

పందిరంతా అటు తిరిగింది. పెళ్లికూతురే పాడటమా! లింగవ్వ ఆగలేదు. మేనమామ తలపాగా, ఆడబిడ్డ నడక, పురోహితుడి బొజ్జ, ఒక్కొక్కటే పట్టుకుని వరసగా ఉతికి ఆరేసింది. కాబోయే అత్త రాములవ్వ మీద మాత్రం, భయం కొద్దీ, ఒకే ఒక్క ముక్క అన్నది. "అత్త ముక్కు సూస్తె మంజీర మలుపు." పెళ్లికొడుకు సాయన్న ఒక్కడే కిసుక్కున నవ్వి, తండ్రి చూపు చూసి దగ్గినట్టు నటించాడు.

కాపురానికి వెళ్లాక మూడు రోజులు రాములవ్వ కోడలితో మాట్లాడలేదు. లింగవ్వకు అన్నం సయించలేదు. చెరుకు బండి తోలుకుని పొద్దున పోయిన సాయన్న సాయంత్రానికి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, మళ్లీ ఎడ్ల దగ్గరికే పోయేవాడు. నాలుగో రోజు పిడకలు కొడుతూ రాములవ్వే నోరు విప్పింది.

"ఏమే పిల్లా, ఒక్క మాట అడుగుత. పెండ్లికొడుకు తల్లెవరు?"

"నువ్వే అత్తా."

"మరి పప్పుకు వంక పెట్టిన నా యారాలికి నాలుగు ముక్కలు పాడి, నాకొక్కటి పాడినవేందే? అది నా కంటే గొప్పదా?"

రాములవ్వ పిడకను గోడకు ఫటేల్మని కొట్టింది.

"ముక్కు ఒక్కటే కనవడ్డదా? నా నడక సూడలే? నా గొంతు ఇనలే? పాలల్ల నీళ్లు కలుపుతనని ఊరంతటికి ఎరుకే. గదన్న అనకపోతివి. మా అన్నదమ్ముల ముందట నా తల కొట్టేసినట్టయింది."

ఆ సాయంత్రం గోడ దగ్గరే నిలబడి లింగవ్వ అత్త మీద పదకొండు ముక్కలు పాడింది. రాములవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, తోడికోడలి ఇంటివైపు తిరిగి, ఇంకొంచెం గట్టిగా పాడమన్నది. ఆ రోజు నుంచి అత్తాకోడళ్ల మధ్య మాటా మాటా పెరిగింది లేదు.

అంతేకాదు, రాములవ్వ కోడలికి వేగు కూడా అయింది. ఎక్కడ పెళ్లి కుదిరినా రెండు రోజుల ముందు చీపుర్లు అమ్మే నెపంతో మగపెళ్లివారి ఊరికి వెళ్లేది. ఎవడు గురక పెడతాడు, ఎవడు కోడలి చేతి కాఫీకి వంక పెడతాడు, ఎవరి జుట్టుకు రంగు, అన్నీ కనుక్కుని వచ్చేది. ఒక్క నందిపేటలో మాత్రం పని చెడింది. అక్కడి పసుపు రైతులు ఎండన పడి వచ్చిందని ఆమెను కూర్చోబెట్టి, అన్నం పెట్టి, మామిడికాయ తొక్కు కూడా కట్టి ఇచ్చారు. రాములవ్వ ఇంటికొచ్చి, "మంచోళ్లే పిల్లా, తిట్టబుద్ది కాలే" అని పడుకుంది. లింగవ్వ ఆ పెళ్లిలో ఏ దిక్కూ లేక, ముక్కూమొహం తెలియని చీపుర్లమ్మే ఆమెకు అన్నం పెట్టే అమాయకులని వాళ్లను తిట్టింది. వాళ్లు తిట్టుకు నవ్వి, ఆ చీపుర్లు మూడు రోజులకే ఊడిపోయాయని ఎదురు ఫిర్యాదు చేశారు.

అట్లా నలభై ఏళ్లు నడిచింది. తరువాత డీజే డబ్బాలొచ్చాయి. డబ్బాల మోతలో ఆడవాళ్ల గొంతు వాళ్లకే వినబడకుండా పోయింది. లింగవ్వ అంత తేలికగా వదలలేదు. భీమ్‌గల్‌లో ఒక పెళ్లిలో డీజే మైకే లాక్కుని పాడింది. ఆ డబ్బాలవాడు ఏ మీట నొక్కాడో ఏమో, ప్రతి తిట్టూ మూడేసి సార్లు మోగింది. పెళ్లికొడుకు చిన్నాన్నలు చేతులు కడగకుండానే కొట్లాటకు దిగారు. తిట్టినందుకు కాదు. ఒకడికి మైకు బాగున్నప్పుడు మూడు సార్లు పడి, ఇంకొకడి వంతు వచ్చేసరికి కరెంటు పోయి ఒక్కసారే పడిందట. అప్పటి నుంచి ఆమెను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. రాములవ్వా, సాయన్నా కాలం చేశారు. లింగవ్వ కూరగాయల మడి దగ్గర వంకాయలను తిట్టుకుంటూ ఉండిపోయింది.

కిందటేడు నిజామాబాద్ నుంచి కల్యాణి అనే కాలేజీ లెక్చరర్ కారులో వచ్చింది. జిల్లాలో పాటలు కట్టిన ఆడవాళ్ల చరిత్ర రాస్తున్నదట. అరుగు మీద ఫోను పెట్టి, "పాడు అవ్వా, రికార్డు అవుతుంది" అన్నది.

"ఎవలను తిట్టాలె?" అని లింగవ్వ అడిగింది.

"ఎవరినీ వద్దు. ఊరికే పాడు."

"ఉత్తగ ఎట్ల తిడుతరు బిడ్డా? అన్నం లేకుంట నములుతరా?"

కల్యాణి ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. లింగవ్వ ఫోనును తిట్టి చూసింది గానీ, దానికి ముక్కూ మీసమూ లేకపోయె, రెండు ముక్కలకే పాట ఎండిపోయింది. చివరికి కారు డ్రైవర్ అనిల్‌కుమార్‌ను పిలిచి పీట మీద కూర్చోబెట్టారు. నలభై ఏళ్ల మనిషి, పెళ్లయి ఇద్దరు పిల్లలు. మళ్లీ పెళ్లికొడుకు అయినందుకు సిగ్గుపడి మీసం దువ్వుకున్నాడు. అదే తప్పయింది.

"మీసాలు సూడుండ్రి పిలగాని మీసాలు
ఎలుక నోట్ల గరిక పోసల్లాంటి మీసాలు
దువ్వెన అమ్ముకొని నూనె తెచ్చిండమ్మ
నూనె తాగినంక నిద్రవోయె మీసాలు"

అనిల్‌కుమార్ నవ్వి నవ్వి పీట మీంచి జారాడు. కల్యాణి కళ్లు తుడుచుకుని కాగితం తీసి, ఈ పాటలు ఎవరెవరి దగ్గర నేర్చుకున్నావని అడిగింది. లింగవ్వ చెప్పుకుంటూ పోయింది. గంగవ్వ మేనత్త దేని మీదైనా పాడేది. పోశవ్వ ఒట్టి ముక్కుల మీదే పాడేది, చెవుల జోలికి పోయేది కాదు. నర్సవ్వ తలపాగాలకు పెట్టింది పేరు. మగవాళ్లు తలపాగాలు మానేశాక ఆమె పాడటమే మానేసింది. అట్లా పద్నాలుగు పేర్లయ్యాయి.

"వీళ్లలో ఒక్కరి పేరూ ఏ పుస్తకంలోనూ లేదు అవ్వా" అన్నది కల్యాణి బాధగా.

"బుక్కులల్ల యాడుంటది బిడ్డా! వాళ్ల మొగోళ్లకే తెల్వది వాళ్ల పేరు. 'ఇగో ఇనవడ్డదా' అని పిలిచెటోళ్లు. అత్తగారింట్ల నోరు తెరిస్తె ఊకునేటోళ్లు కాదు గద. గందుకే ఎవల పెండ్లయినా సరే, ఏడాదికి సరిపడంత గాడనే పాడి పోయెటోళ్లు."

కల్యాణి పద్నాలుగు పేర్లూ రాసుకుంది. పోశవ్వ పేరు పక్కన "ముక్కులు" అని కూడా రాసుకుంది.

నెల తిరక్కుండానే నిజామాబాద్‌లో కల్యాణి కాలేజీలో సభ పెట్టారు. లింగవ్వ జరీ అంచు చీర కట్టుకుని వెళ్లింది. వేదిక ఎక్కే ముందు కల్యాణి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, ఎవరినైనా అనుకో. ముఖ్య అతిథిని మాత్రం ఏమీ అనకు. పెద్ద అధికారి. ఆయన సంతకం పడితేనే మన పుస్తకం అచ్చవుతుంది."

"సరే బిడ్డా. గాయన దిక్కే సూడ" అని లింగవ్వ మాటిచ్చింది.

లింగవ్వ కంటే ముందు ఒక రిటైరైన ప్రొఫెసర్ మాట్లాడాడు. జానపదం గురించి గంటా పది నిమిషాలు చెప్పి, "ఇక అసలు విషయానికి వస్తే" అన్నాడు. ఆ మాట వినగానే ప్రిన్సిపాల్ ప్రేమ్‌చంద్ తల ఛాతీ మీదికి వాలిపోయింది. ఇంకో పావుగంటకు మైకు లింగవ్వ చేతికి వచ్చింది.

"మైకు పట్టిన సారు మైకు ఇడువడాయె
మనుమడు పుట్టె, మనుమనికి పెండ్లాయె
పెండ్లి పప్పన్నాలు అరిగి పోయెగానీ
సారు ముచ్చటింక ముందుమాటె ఆయె"

హాలు గొల్లుమంది. ఆ మోతకు ప్రేమ్‌చంద్ ఉలిక్కిపడి లేచి చప్పట్లు కొట్టాడు. లింగవ్వ అటు తిరిగి, ప్రిన్సిపాల్ సారు తపస్సులో ఉన్నాడనీ, వినబడింది గురక కాదు మంత్రమనీ పాడింది. శాలువాలు మోసుకొచ్చినవాణ్ని, ఫొటోలు తీసేవాణ్ని, ఎవరినీ వదలలేదు. ముఖ్య అతిథి మల్లికార్జున్ వైపు మాత్రం మాట ప్రకారం కన్నెత్తి చూడలేదు. మొదట్లో ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. తన వంతు వస్తుందని చొక్కా సర్దుకున్నాడు, కాస్త ముందుకు జరిగాడు. పాట ఎడమ పక్క కుర్చీలో ఉన్నవాణ్ని తిట్టి, ఆయనను దాటేసి, కుడి పక్క కుర్చీలో దిగింది. అక్కడి నుంచి ఆయన మొహం మాడిపోయింది.

సభ అయ్యాక లింగవ్వ వెనక గదిలో కూర్చుని పులిహోర తింటున్నది. మల్లికార్జున్ ఒక్కడే లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కల్యాణి గబుక్కున లేచి నిలబడింది.

"అవ్వా, నేను నిన్నేమన్న అన్ననా?"

"లేదు సారు."

"మరి నన్నెందుకు తిట్టలే? గా శాలువాలోణ్ని గూడ తిడితివి. నేను వానికంటె తక్కువనా?"

లింగవ్వ ఆయనను పైనుంచి కిందికి చూసింది. పాపం, ఆమెకు నిజంగానే జాలి వేసింది. "నీ సంగతి నాకేం ఎరుక సారు? తెల్వకుంట తిడితె తిట్టు తాకది. మా అత్త ఉంటె నీ ఇంటికి చీపుర్లు తెచ్చేది."

చీపుర్ల సంగతి ఆయనకు అర్థం కాలేదు గానీ మిగతాది అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రాసుకో కల్యాణీ" అని తన తప్పులు తానే చెప్పడం మొదలుపెట్టాడు. కోపం ఎక్కువ, పని మీద మరీ శ్రద్ధ, నిజాయితీ కొంచెం అతి.

"గివి తప్పులా సారు, అభినందన పత్రమా?" అన్నది లింగవ్వ. "ఇంట్ల అడుగు."

ఆయన వెంటనే భార్య భాగ్యలక్ష్మికి ఫోను చేసి, స్పీకర్ పెట్టి, "నా తప్పులు జర చెప్పు" అన్నాడు. అవతలి నుంచి, "స్టవ్ మీద పాలున్నయి, దించి వస్త. టైం పడుతది" అని వినబడింది. పాలు దించి వచ్చి ఆమె పావుగంట మాట్లాడింది. మధ్యలో ఒకటి రెండుసార్లు మల్లికార్జున్ "గది ఒద్దు" అన్నాడు, ఆమె వినలేదు. కల్యాణి రెండో కాగితం తీసింది. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు లింగవ్వ చెయ్యి కడుక్కుని అందుకుంది.

"సంతకం పెడితె జిల్లంత కదిలె
బల్లి కనవడితె మంచమెక్కి దునికె
బీరకాయ తెమ్మంటె సొరకాయ తెచ్చి
బీరకాయె బలిసి గిట్లాయెననె"

మల్లికార్జున్ చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, దేవుడి ముందు నిలబడినట్టు విన్నాడు. ఫోనులోంచి భాగ్యలక్ష్మి, "సొరకాయ ముక్క మళ్లొకపారి పాడవ్వా!" అని అరిచింది. పుస్తకం కాగితాల మీద ఆయన సంతకం అక్కడే, ఆ పులిహోర బల్ల మీదే పెట్టాడు.

ఆ చలికాలంలోనే మల్లికార్జున్ కొడుక్కి పెళ్లి కుదిరింది. అమ్మాయి ఉదయశ్రీ. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద భూములు కొనుక్కున్నారు. లింగవ్వ ఎప్పుడూ ఆడపిల్ల తరఫునే పాడుతుంది. అందుకని మల్లికార్జున్ అమ్మాయి తండ్రి వెంకటసుబ్బారావుకు ఫోను చేసి, మీ తరఫున లింగవ్వను పిలిపించి మమ్మల్ని తిట్టించండని అడిగాడు.

"అయ్యయ్యో, మిమ్మల్ని తిట్టించడమేవిటండీ బావగారూ! రేపు మా పిల్ల మీ ఇంట్లో కాపురం చెయ్యొద్దూ?" అని వెంకటసుబ్బారావు హడలిపోయాడు.

ఆయన తల్లి రత్తమ్మ కొడుకు చేతిలో ఫోను లాక్కుంది. "వాడి మాటలకేం గానీ, రమ్మనండి బాబూ. మా వైపూ పాడేవాళ్లమేను. ఈ కాలవ నీళ్లు తాగి మర్చిపోయాం గానీ."

పెళ్లిలో మొదటి ముక్క లింగవ్వ పాడింది. రెండోది రత్తమ్మ అందుకుంది. లింగవ్వ పాట చెరుకు బండిలా గడగడ పోతుంటే, రత్తమ్మ పాట ఒక్క మాటను పట్టుకుని పందిరి చుట్టూ తిప్పి తెస్తుంది. రెండూ కలవలేదు. నువ్వు గుంజుతున్నవని ఒకరు, నువ్వు పరిగెడుతున్నావని ఇంకొకరు పాట మధ్యలోనే తగువుపడ్డారు. ఈ ఆలస్యంలో మగపెళ్లివారు పాయసం దాకా తినేశారు, తిట్లు మాత్రం రెండో మేనత్త దగ్గరే ఉన్నాయి. ఇంకా ఇరవై మంది మిగిలారు. చేతులు కడుక్కున్నవాళ్లంతా ఆకలి లేకపోయినా మళ్లీ వచ్చి కూర్చున్నారు, ముందర ఖాళీ విస్తళ్లు వేయించుకున్నారు. మల్లికార్జున్ తన వంతు కోసం మూడో బంతిలో కూడా కూర్చున్నాడు.