ఎంత పోసినా నిండని పీపా

సముద్రాన్ని నేను ఇంతవరకు కళ్ళతో చూడలేదు. అయినా అందులో ఒక నిండు ఓడను ముంచాను. శత్రువుల ఓడ అనుకునేరు, మాదే. ఫిరంగి పేల్చి కాదు, నిప్పు పెట్టీ కాదు; ఒళ్ళు దాచుకోకుండా, చెమటోడ్చి, పద్ధతిగా ముంచాను. సోమరితనం వల్ల చెడిన పనులు మీరు చాలా చూసి ఉంటారు. కష్టపడటం వల్ల చెడిన పని చూడాలంటే ఇది చదవండి. కష్టే ఫలి అన్నారు పెద్దలు. ఆ ఫలం ఎవరికో మాత్రం చెప్పలేదు.

ఓడ అంటే సెల్‌ఫోన్‌లో ఓడ. సముద్రపు దొంగల ఆట. తిరుమణి పక్కన, వాన దారి తప్పి కూడా రాని ఊళ్ళో, పొద్దున్నే సోలార్ పలకలు తుడిచి వచ్చే యాభై నాలుగేళ్ళ ఆడమనిషికి సముద్రంలో దొంగతనం ఎందుకని అడుగుతారు. అడగండి. మా గంగక్క కోసం.

గంగక్క నాకు యారాలు, అంటే మా బావగారి భార్య. ఇరవై ఆరేళ్ళు ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం పోట్లాడుకున్నాం. శెనక్కాయ చేన్లో పక్కపక్క సాళ్ళలో కలుపు తీస్తూ పోట్లాడుకున్నాం. తరువాత చేను పలకల కిందికి పోయింది, బావగారు పోయారు, భాగాలు పంచుకున్నప్పుడు ఇల్లు మా వంతుకు వచ్చింది. కలుపు తీయడానికి చేను లేని గంగక్క బెంగళూరులో కూతురు భవ్య దగ్గరికి, తొమ్మిదో అంతస్తుకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ గడపలో నిలబడి, "పిలిస్తే వస్తాలే" అంది.

ఆ ఒక్క మాట దగ్గర మా ఇద్దరి బండి దిగబడింది. మా వైపు ఇంటిమనిషిని పిలవరు. పిలిచేది చుట్టాలను. నేను "రా" అన్నానంటే, ఈ ఇల్లు ఇంక నీది కాదు, నువ్వు చుట్టానివి అని నా నోటితో నేనే చెప్పినట్టు. నేను పిలవకుండా ఆమె వస్తే, పంచి ఇచ్చేసిన ఇంటికి సిగ్గు విడిచి వచ్చినట్టు. కాబట్టి నేను పిలవలేదు, ఆమె రాలేదు. చూస్తుండగానే రెండేళ్ళు.

ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఆ ముచ్చట మొత్తం రాస్తాను, పెద్దగా చోటు పట్టదు.

"తిన్యావా?"

"తిన్యా. నువ్వు?"

"తిన్యా. వానొచ్చిందా?"

"యాడొస్తాది."

"సరే, పెట్టేస్తా."

ఇరవై ఆరేళ్ళు నన్ను ఊపిరి తీసుకోనివ్వకుండా తిట్టిన మనిషి ఇలా మర్యాదగా మాట్లాడటమేమిటి? తిట్టని గంగక్క ఉప్పు లేని సంగటి. మింగితే దిగుతుంది గానీ తిన్నట్టుండదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భవ్య ఫోన్ చేసింది. "చిన్నమ్మా, నీ ఫోన్లో ఒక ఆట ఎక్కిస్తా. అమ్మ గూడా ఆడతాండాది."

"మీ అమ్మనా? ఆమెకు ఫోన్ ఎత్తేదే రాదు గదే."

"ఇప్పుడు ఓడ తోల్తాండాది, సూడు రా."

ఆ ఆటలో ఒకరి మాటలు ఒకరికి వినిపిస్తాయి. నేను ఓడలో కాలు పెట్టాను, వేలితో నాలుగడుగులు ముందుకు తోసుకున్నాను, దభీమని నీళ్ళలో పడ్డాను. అప్పుడు వినిపించింది గొంతు.

"కండ్లు యాడ పెట్టుకున్యావే ఓబులీ! ఎనుబోతు మాదిరి నేరుగా పోతే నీళ్ళల్లో పడవా? రెండేండ్లయినా రవ్వంత బుద్ధి రాలేదే నీకు!"

నిజం చెబుతున్నాను, ఫోన్ అద్దం మసకబారింది. కొంగుతో తుడిచాను. అద్దం కాదు, కళ్ళు. మా అక్క తిట్టింది! ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. తిట్లు దొరికే చోటు ఇదొక్కటే అయితే, సముద్రపు దొంగనైనా అవుతాను.

అవ్వడం అంత సులభమా? గాలి సంగతి వరకు నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేట ఎత్తిపట్టి పంట తూర్పారబట్టినదాన్ని. గాలి ఎటు మళ్ళుతుందో చూసి తెరచాప తిప్పడం రెండో రోజుకే వచ్చేసింది. చిక్కంతా యుద్ధంతోనే.

"చిన్నమ్మా, పక్కకు తిరగల్ల. ఫిరంగులు ఓడకు పక్కలుంటాయి" అంది భవ్య.

"పోట్లాడేవాళ్ళు మొగాన మొగం పెట్టి పోట్లాడతారు గానీ, పక్కకు తిరిగేదేందే? అది అలిగినోళ్ళు చేసే పని."

"అదే చిన్నమ్మా. అలగల్ల. అలిగి పేల్చల్ల."

కొళాయి దగ్గర నలభై ఏళ్ళు బిందె ఎత్తి ఎదురుగా నిలబడి గెలిచినదాన్ని. ఒక్కసారిగా అలగమంటే ఎలా? మూడు ఓడలను ముక్కుతో గుద్ది, మూడుసార్లూ మా ముక్కే పగలగొట్టాను. నాలుగోసారి భవ్య నన్ను ఫిరంగి దగ్గర నుంచి తీసేసి ఓడ అడుగుకు దింపింది. "నువ్వు ఈడుండు. బొక్క పడితే చెక్క కొట్టు. నీళ్ళొస్తే బకెట్టుతో ఎత్తు. అంతే నీ పని." ఎత్తిన నీళ్ళు ఎక్కడ పోయాలో ఆ పిల్ల చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకుంది. పాపం, తిప్పగానే నీళ్ళొచ్చే కొళాయి దగ్గర ఉండి ఉండి, తను ఏ ఊళ్ళో పుట్టిందో మరిచిపోయింది.

వచ్చే ఆదివారం భవ్య ఆఫీసు స్నేహితులిద్దరు ఇంకో ఓడలో మా మీదికి వస్తారని తెలిసింది. నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది.

"అక్కా, పందెం."

"ఏం పందెం?"

"మనం గెలిస్తే నువ్వు ఊరికొచ్చి పదిదినాలుండల్ల."

చూశారా తెలివి? ఇది పిలుపు కాదు. పందెం. పందెం కోసం వచ్చిన మనిషి చుట్టమూ కాదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు. అక్క ఓడను ఒక చుట్టు తిప్పింది. తరువాత, "సరే, గెలువు సూద్దాం" అంది.

ఆ వారం, ఎవరూ చూడకుండా, అటక మీది గంగక్క చాప దించి ఎండలో వేశాను. ఆమె తాగే లోటా చింతపండు పెట్టి తోమాను.

ఆదివారం యుద్ధం మొదలైంది. పైన గంగక్క చుక్కాని దగ్గర, భవ్య ఫిరంగి దగ్గర, కింద నేను. దభాలుమని ఒక గుండు తగిలి మా ఓడ పక్కన బొక్క పడింది. చెక్క కొట్టేలోపల నీళ్ళు బుసబుసమని లోపలికి దూకాయి.

అయ్యా, అమ్మా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నా స్థితి ఆలోచించండి. మా ఊళ్ళో నీళ్ళు అలా ఎవరూ పిలవకుండా ఇంట్లోకి వచ్చిన రోజు లేదు. బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకు, స్నానం చేసిన నీళ్ళు మునగచెట్టుకు, కాళ్ళు కడిగిన నీళ్ళు కరివేపాకుకు. నేను కాపురానికి వచ్చిన మొదటి రోజు చెంబులో మిగిలిన నీళ్ళు వాకిట్లో విసిరేస్తే, గంగక్క తిట్టిన తిట్లకు సాయంత్రం దాకా ఏడ్చాను. నీళ్ళు పారబోసే చెయ్యి నాకు ఆ రోజే పడిపోయింది. సముద్రపు నీళ్ళు ఉప్పు కదా అంటారా? మా బోరు నీళ్ళు తాగి అప్పుడు మాట్లాడండి.

బకెట్టు ముంచాను. చుట్టూ చూశాను. ఓడలో వంటపొయ్యి పక్కన ఒక పెద్ద పీపా కనిపించింది. ప్రాణం లేచి వచ్చింది. దాంట్లో పోశాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ పోశాను. వేలు నొప్పి పుట్టింది.

"చిన్నమ్మా, నీళ్ళు తగ్గలేదు! ఏం చేస్తాండావు?"

"ఎత్తుతాండా తల్లీ, ఊపిరాడకుండా ఎత్తుతాండా!"

"మల్ల ఎందుకు తగ్గలేదు? యాడ పోస్తాండావు?"

"పీపాలో."

పైన ఫిరంగి ఆగిపోయింది.

"ఏ పీపా?"

"పొయ్యి పక్కనుండేది. శానా మంచి పీపా భవ్యా. ఎంత పోసినా నిండలేదు."

నిండుకుండ తొణకదంటారు. ఈ పీపా తొణకనూ లేదు, నిండనూ లేదు. ఆటలో అది ఊరికే బొమ్మట. నేను పోసిన ప్రతి బకెట్టూ తిన్నగా కిందికి జారి, నేను ముంచిన చోటికే వచ్చి, మళ్ళీ నా బకెట్టులోకే ఎక్కుతోందట. గానుగెద్దుకైనా చివరికి నూనె కనిపిస్తుంది.

"బయటికి పారబొయ్యే, ఓబులీ!" అని గంగక్క అరిచింది. "సముద్రంలోకి పారబొయ్యే!"

నా చెవులను నేను నమ్మలేదు. "అక్కా, నువ్వేనా ఈ మాట అంటాండేది?"

"నేనే! పారబొయ్యే!"

"వొట్టి పుణ్యానికి పారబొయ్యల్లనా? రవ్వన్ని దాసిపెట్టుకుందాంక్కా!"

"నడుముదాకొచ్చినాయి గదే నీళ్ళు! యాడ దాస్తావే, నెత్తిమీదనా?"

నెత్తిమీదికే వచ్చాయి. ఓడ గుడగుడమంటూ మునిగింది. భవ్య స్నేహితుల నవ్వు వినిపించింది. వాళ్ళకు ఏదో సర్ది చెప్పి, వచ్చే ఆదివారం ఇంకో ఆట అడగాలని భవ్య ఫోన్ కింద పెట్టి లేచి పోయింది. సముద్రంలో మేమిద్దరమే తేలుతూ మిగిలాం. చాప, లోటా కళ్ళ ముందు కనిపించాయి.

"ఓబులీ."

"ఏంక్కా."

"పందెం కట్టేదానికన్నా బుద్ధుండల్ల. మనం గెలుస్తామని ఎవురన్నా కడతారా?"

"మల్ల ఏమని కట్టల్ల?"

అక్క గొంతు తగ్గించింది. "వచ్చే వారం ఓడితే వస్తా. మునిగితే పదైదు దినాలుంటా."

పది కాదు, పదైదు. తొమ్మిదో అంతస్తులో కూర్చుని ఆమె అప్పటికే దినాలు లెక్కపెట్టుకుని ఉంది. "ఊ" అన్నాను.

పందెం మారిన సంగతి భవ్యకు తెలియదు. పాపం ఆ పిల్ల, చిన్నమ్మ పరువు నిలబెట్టాలని, రోజూ సాయంత్రం అరగంట నాకు పాఠం చెప్పింది. ముంచు, మెట్లెక్కు, బయటికి విసురు. ముంచు, మెట్లెక్కు, విసురు. ఒక్కొక్క బకెట్టుకు "గంగమ్మ తల్లీ, తప్పు కాయి" అని దండం పెట్టుకున్నాను. శనివారానికి దండం మరిచిపోయాను, చెయ్యి మాత్రం దానంతట అదే విసరడం నేర్చుకుంది.

ఆదివారం వచ్చింది. నేను అడుగున గోడకు ఆనుకుని, ఏ పనీ చేయకూడదని కూర్చున్నాను. నా జన్మలో అంత గట్టిగా ఏమీ చేయకుండా ఎప్పుడూ కూర్చోలేదు. బొక్క పడింది. నీళ్ళు పాదాల దాకా వచ్చాయి. రండమ్మా, రండి అనుకున్నాను. మోకాళ్ళ దాకా వచ్చాయి. గంగక్క బస్సు దిగి, సంచి చంకన పెట్టుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచి వస్తున్నట్టే కనిపించింది.

సరిగ్గా అప్పుడు పైన యుద్ధం ముదిరింది. చుక్కాని పట్టిన గంగక్కకు పౌరుషం తలకెక్కింది. పందెం, పదైదు దినాలు, నేను, ఊరు, అన్నీ మరిచిపోయింది.

"ఓబులీ! నిద్రపోతాండావా? నీళ్ళు పారబొయ్యే బిరీన!"

ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఆమె కేక వేస్తే నా చెయ్యి నన్ను అడగదు. ముంచాను, మెట్లెక్కాను, విసిరాను. ముంచాను, విసిరాను. ఎంత విసిరానంటే ఓడ అడుగు ఎండాకాలం మా చెరువు మాదిరి ఆరిపోయింది. పైన గంగక్క ఓడను గిరుక్కున తిప్పింది, భవ్య నాలుగు ఫిరంగులూ ఒకేసారి పేల్చింది, ఎదుటి ఓడ రెండు ముక్కలై మునిగిపోయింది.

"గెలిచినాం చిన్నమ్మా! అమ్మా, గెలిచినాం!" అని భవ్య ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది.

మేమిద్దరం అరవలేదు.

అక్క మెల్లగా అంది, "గెలిచినాం గదే."

"గెలిచినాంక్కా."

"ఎవురే నిన్ను పారబొయ్యమన్యది?"

"నువ్వే."

"నేను జెప్తే జేసేదేనా? ఎప్పుడన్నా నా మాట విన్యావా?"

అది తిట్టే. కానీ చివర్లో గొంతు జారిపోయింది. "సరే, పెట్టేస్తా" అంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట ఓడి సముద్రం గెలిచాను. చాపను మళ్ళీ చుట్టి అటక మీద పెట్టబోయాను. చెయ్యి రాలేదు. అది ఇంకా అరుగు మీదే ఉంది.

అందుకని, తెరచాప మీద, చుక్కాని మీద, అడుగు లేని ఆ పీపా మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఒక్క మాటతో అయ్యే పనికి ఇక జన్మలో సముద్ర యుద్ధం చేయను. గెలుపు మీద గానీ ఓటమి మీద గానీ పందెం కట్టను. నాకు అక్షరాలు వచ్చి ఐదేళ్ళే అయింది. నోటితో రాని మాట చేత్తోనైనా వస్తుందేమోనని ఇంత దూరం రాసుకొచ్చాను. గంగక్కకు చదవడం రాదు. భవ్యా, ఇది మీ అమ్మకు చదివి వినిపించు. ఓడలు మునిగిన చోట మెల్లగా చదివినా పర్వాలేదు, ఇక్కడ మాత్రం గట్టిగా చదువు:

అక్కా, రా. చుట్టమనుకుంటే కాళ్ళకు నీళ్ళిస్తా. ఇంటిమనిషి అనుకుంటే నీ నీళ్ళు నువ్వే ముంచుకో.