వెనక సీటు మాస్టారు

కార్లకు స్పీకర్లు బిగించే ఆ మాస్టారికి ఒక్కటే జబ్బు. పని పూర్తయినా తాళం ఓ పట్టాన చేతికివ్వడు. పాట పెట్టి, వెనక సీట్లో ఎక్కి, తలుపు వేసుకుని, అరగంట సేపు కళ్లు మూసుకుంటాడు. ఒక చెయ్యి మాత్రం సీటు వీపు మీదుగా డిక్కీలోకి చాచి, పాటకు బలమిచ్చే ఆంప్లిఫయర్ మీద పెడతాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. అందుకే అందరూ ఆయన్ని వెనక సీటు మాస్టారంటారు. అసలు పేరు ఆయన షాపు బోర్డు మీద కూడా లేదు.

ఒకసారి ఒక బ్యాంకు ఆఫీసరు, మాస్టారు లోపలున్న సంగతి చూసుకోకుండా కారు తోలుకుపోయాడు. రెండో సిగ్నల్ దగ్గర వెనకనుంచి, "కాస్త తగ్గించండి సార్, ఆంప్ వేడెక్కుతోంది" అని వినబడేసరికి ఆయన కారొదిలి రోడ్డు మీదికి దూకాడు. కౌంటర్లో కూర్చునే మాస్టారి భార్యకు ఇదంతా మామూలే. ఎవరైనా "మాస్టారున్నారా?" అంటే తలెత్తకుండా "తెల్ల కారులో" అనో "నీలం కారులో" అనో చెబుతుంది. మధ్యాహ్నం భోజనం క్యారియర్ కూడా అక్కడికే చేరుతుంది.

వినడానికి ఇదంతా సరదాగానే ఉంటుంది. ఆ రోజు ఆ షాపులో స్టూలు అంచున కూర్చున్న లిఫ్టు మెకానిక్కుకు మాత్రం నవ్వు రావడం లేదు. ఐదింటికల్లా అతను ఆసుపత్రి గేటు దగ్గరుండాలి. భార్యనూ, ఐదు రోజుల పాపనూ ఇంటికి తెచ్చుకోవాలి. ఈ లోపు స్పీకరు బిగింపు అయిపోవాలి. ముందే అడిగితే భార్య వద్దంటుంది, బిగించేశాక తిడితే పడొచ్చు. "పాప వచ్చాక నీ సరదాలన్నీ అటకెక్కినట్టే" అని తోటి మెకానిక్కులు వారం రోజులుగా భయపెడుతున్నారు. గుండెలదిరేలా మోత మోగించే పన్నెండంగుళాల స్పీకరు, నాలుగేళ్లుగా కలలు కన్న సబ్‌వూఫరు అది. అటకెక్కే లోపు డిక్కీ ఎక్కించాలని అతని ఆరాటం. మాస్టారికి ఇవేవీ చెప్పలేదు, అర్జెంటు పని ఉందని మాత్రం అన్నాడు.

ఉదయమే ఇద్దరికీ ఓముల దగ్గర, అంటే కరెంటుకు తగిలే అడ్డు లెక్క దగ్గర, పేచీ వచ్చింది.

"ఈ స్పీకర్లో రెండు కాయిల్స్ ఉన్నాయి బాబూ. ఒక్కోటి రెండు ఓములు. పక్కపక్కన కలిపితే మొత్తం ఒక ఓము. ఒకదాని వెనక ఒకటి కలిపితే నాలుగు. నీ ఆంప్ మీద ఏం రాసుంది?"

"కనీసం రెండు అని."

"మరి?"

"ఒకటికే కలిపేయండి మాస్టారూ. ఓములు తగ్గితే సౌండు పెరుగుతుంది. నాకూ కరెంటు తెలుసు."

"ఏం చేస్తుంటావు?"

"లిఫ్టులు చూస్తాను."

"లిఫ్టులో ఆరుగురు అని రాసుంటే పన్నెండు మందిని ఎక్కిస్తావా?"

"ఎందుకెక్కిస్తాను?"

"ఎక్కితే?"

"కాసేపు నడుస్తుంది. తర్వాత..." అని మెకానిక్కు ఆగిపోయాడు.

"ఓములు తగ్గించడమంటే గుమ్మం వెడల్పు చెయ్యడం. జనం తోసుకుని ఎక్కేస్తారు. మోసేది ఆ ఒక్క మోటారే కదా?"

"కాలితే నాదే కాలుతుంది. ఒకటికే కలపండి."

మాస్టారు వాదించలేదు. "వెనక ఎవరు కూర్చుంటారు?" అని మాత్రం అడిగాడు.

"ఎవరూ కూర్చోరు. నేనొక్కణ్ణే" అన్నాడు మెకానిక్కు, గడియారం వైపు చూస్తూ. మాస్టారు అతన్ని ఒకసారి చూసి స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

నాలుగూ ఐదు నిమిషాలకు పని ముగిసింది. తాళం కోసం మెకానిక్కు చెయ్యి చాచేలోపే మాస్టారు వెనక సీటెక్కి తలుపు వేసుకున్నాడు. పాట మొదలైంది.

"ఈ కూర్చోవడం దేనికండీ?" అన్నాడు మెకానిక్కు కౌంటరు దగ్గరకొచ్చి, ఏడుపొక్కటే తక్కువగా.

"మొదట్లో ఒకాయన సౌండు అదిరిపోవాలంటే మావారు అదిరేట్టే చేసిచ్చారు నాయనా. నెల్లాళ్లకు వాళ్లమ్మ వచ్చింది. 'నేనొచ్చినట్టు మావాడికి చెప్పకు బాబూ, వెనక కూర్చోలేకపోతున్నాను' అంది. మీట నొక్కేది ముందువాడు, భరించేది వెనకవాళ్లు. అప్పట్నుంచి ఇంతే" అంది మాస్టారి భార్య.

మెకానిక్కు చెవికి ఇది సగమే ఎక్కింది. ఫోను మోగుతోంది. అత్తగారు.

"బాబూ, కాగితాలిచ్చేశారు. బయల్దేరారా?"

"దారిలో ఉన్నానండీ."

"దారిలో ఆ పాటలేమిటి?"

"పక్క కారువాడండీ" అంటూ వీధి చివరిదాకా పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి పాట ఆగింది. మాస్టారు కారు దిగి డిక్కీలో తల పెట్టి మళ్లీ తీగలు విప్పుతున్నాడు. మెకానిక్కు డిక్కీ దగ్గరకు ఉరికాడు.

"ఏమైంది? కాలిపోయిందా?"

"లేదు. చిన్న సవరణ."

"ఏం సవరణ?"

"కూర్చో బాబూ."

అతను కూర్చోలేదు. షాపు ముందు అటూ ఇటూ నడిచి, గడియారం తప్పేమోనని ఫోను చూసి, ఫోను తప్పేమోనని గడియారం చూశాడు. నాలుగూ నలభైకి మాస్టారు తాళమిచ్చి, "మెల్లగా పో" అన్నాడు.

దారి పొడుగునా ఒకటే దిగులు. కలిపింది ఒకటికా, నాలుగుకా? ఒకటికైతే మంటలొస్తాయేమో. నాలుగుకైతే నాలుగేళ్ల కల నీరుగారిపోయినట్టే. పాట పెట్టి చూసే ధైర్యం లేక ఆ పెద్ద సబ్‌వూఫరును మోసుకుంటూ నిశ్శబ్దంగా ఆసుపత్రి చేరాడు.

అత్తగారు సంచులతో, భార్య పాపతో వెనక ఎక్కారు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. కంగారులో తాళం తిప్పాడు. చెయ్యి తగిలి స్టీరియో మీట నొక్కుకుపోయి, మాస్టారు పెట్టిన పాట ఆగినచోటనుంచి అందుకుంది. ఆపడానికి మెకానిక్కు మీట కోసం తడుముకున్నాడు.

కానీ ఏమీ అదరలేదు. సీటు వీపులోంచి ఎవరో నోరు మూసుకుని కూనిరాగం తీస్తున్నట్టు మెత్తని మోత వచ్చింది. పాప ఏడుపు మధ్యలో తెగింది. ఒక వెక్కు చప్పుడు, తర్వాత అదీ లేదు. కళ్లు మూతలు పడ్డాయి.

"ఏమండీ, ఏమిటిది?" అంది భార్య.

"సబ్‌వూఫరు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

అద్దంలో భార్య ముఖం చూడ్డానికి అతనికి ధైర్యం చాలలేదు. వెనక కాగితం చప్పుడైంది. పాప కోసం పొద్దున్నే కొని సీట్లో పడేసి మరిచిపోయిన పసుపు ఊలు టోపీ ఆమె చేతిలో ఉంది. దానికి తీగముక్కతో ఒక చీటీ కట్టి ఉంది. ఆమె పైకే చదివింది.

"వెనక ఎవరూ కూర్చోరన్నావు. చూసుకోక టోపీ మీద కూర్చున్నాను, క్షమించు. ముందు నువ్వడిగినట్టు ఒకటికే కలిపాను. ఇప్పుడు నాలుగుకు మార్చి సౌండు దించాను. బిడ్డ తనంతట తాను 'నాన్నా, సౌండు పెంచు' అన్న రోజు బండి తీసుకురా. స్పీకరు మార్చి రెండుకు చేసిస్తాను. అంతదాకా ఇది చాలు. నేను కూర్చుని చూశాను."

భార్య నవ్వడం మొదలుపెట్టింది. "నవ్వకు, కుట్లు లాగుతాయి" అని వాళ్లమ్మ కసిరినా ఆపలేకపోయింది. మెకానిక్కు గుండెల మీద కుంపటి దిగిపోయింది. ఉదయం నుంచి మొదటిసారి అద్దం వెనక సీటుకేసి తిప్పి ముగ్గురినీ తృప్తిగా చూసుకున్నాడు.

"ఎవరు బాబూ ఈయన?" అంది అత్తగారు.

"మాస్టారండీ. వెనక సీట్లో కూర్చుంటారు."

అత్తగారు ఒకసారి పక్కకు చూసి, ఎందుకైనా మంచిదని కాస్త సర్దుకుని చోటిచ్చింది.