ప్రాణం లేని ఎరువు

ఆనందపురంలో నీలకంఠం వ్యవసాయశాఖ గ్రామసేవకుడు. 1983 వేసవిలో అతని దగ్గరికి పెట్టెడు జీవన ఎరువు పొట్లాలు వచ్చాయి. ఆ నల్లటి పొడిలో ఉండే సూక్ష్మజీవులు నేలలో బిగుసుకున్న భాస్వరాన్ని కరిగించి పైరుకు అందిస్తాయి. పొట్లాలు నీడన చల్లగా ఉంచాలనీ, వీటితోపాటు భాస్వరం ఇచ్చే సూపరు ఎరువు మామూలు మోతాదులో సగమైనా వేయించాలనీ పై అధికారి మరీ మరీ చెప్పాడు.

నీలకంఠం పెట్టెను రేకుల షెడ్డులో పడేసి, ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం మూడు వారాలు తిరిగాడు. తిరిగొచ్చి ముట్టుకుంటే పొట్లాలు పెనంలా కాలుతున్నాయి. లోపల ఏమీ బతికి ఉండదని అతనికి తెలుసు. పారేస్తే సంజాయిషీ రాయాలి. అందుకని పంచేశాడు.

ఎకరన్నర ఎర్రనేలలో చోడి, అంటే రాగి, వేసుకునే జోగమ్మకు మొదటి పొట్లం ఇచ్చాడు. ఎరువుల డిపోకు సూపరు ఇంకా రాలేదు.

"ఇదుంటే సూపరు లేకపోయినా పరవాలేదప్పా," అన్నాడు, అక్క వరసన పిలుస్తూ.

ఆమె చెప్పినట్టే పొడిని నీళ్ళలో కలిపి, నారు వేళ్ళు ముంచి నాటింది. నలభై రోజులకు, నిరుడు మిగిలిన సూపరు వేసిన పక్క రైతు వరహాలు చేను మోకాలెత్తు లేచింది. జోగమ్మది జానెడు దగ్గరే ఆగిపోయింది. ఆకులు ఊదారంగుకు తిరిగాయి.

"నీల్లెక్కువ పోసీసినాను కావాల, బాబూ. నా సేతిదే తప్పు," అందామె.

"అయ్యుంటాదప్పా," అన్నాడు నీలకంఠం. ఆ మాట అనేశాక ఆమె మొహం చూడలేకపోయాడు.

ఆరు బస్తాలు పండాల్సిన చోట రెండే వచ్చాయి. చలికాలంలో నీలకంఠం ఉద్యోగం సంగతి కనుక్కుందామని ఉక్కునగరం వెళ్తే, కట్టుబడి దగ్గర ఇటుకలు మోస్తూ జోగమ్మ కనిపించింది.

"ఉజ్జోగం వచ్చీసిందా బాబూ?" అని నవ్వుతూ అడిగింది.

నీలకంఠం దగ్గరికి వెళ్ళాడు. "అప్పా, ఆ పొట్లాలు నాను రేకుల షెడ్డులో ఎండకి ఒగ్గీసినాను. అందులో పానం లేదు. నీ సేతిలో తప్పు లేదు."

జోగమ్మ తట్ట దించింది. "మరి ఆ రోజు అవునని ఎందుకన్నావు?"

"సంజాయిషీ రాయాల్సొస్తాదని బయపడ్డాను," అన్నాడతను.

"నా సెయ్యి మంచిది కాదని వరహాలోల్లు నాట్లకి పిలవడం మానీసినారు. నాకు సెప్పీసినావు సరే. ఊరికి సెప్తావా?"

చెప్పాడు. బడి వరండాలో అందరి ముందూ నిలబడి చెప్పాడు. ఒకరిద్దరు తిట్టారు. మర్నాడు వరహాలు జోగమ్మ ఇంటికి వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చాడు.

తొలకరికి నీలకంఠం విశాఖపట్నం వెళ్ళి కొత్త పొట్లాలు తడి గోనెలో చుట్టి తెచ్చాడు. సూపరు బస్తా సైకిలు మీద తనే తోసుకొచ్చి, జోగమ్మ చేలో ఆఖరి దుక్కిలో చల్లించాడు. ఆ ఏడు జోగమ్మ చేను ఏడు బస్తాలిచ్చింది. వరహాలు ఇంటివాళ్ళు నాట్లకు మళ్ళీ ఆమెనే పిలిచారు.

అయినా తర్వాత ఏటేటా పొట్లం చేతిలో పెట్టినప్పుడు జోగమ్మ అది చల్లగా ఉందో లేదోనని చెంపకు ఆనించి చూసేది. "ఏ తారీకుది? ఇన్నాల్లూ ఎక్కడెట్టినావు?" అని అడిగేది. నీలకంఠం తారీకు పైకి చదివి, ఎక్కడ పెట్టాడో చెప్పి, ఆమె తలూపేదాకా గుమ్మం బయటే నిలబడేవాడు.