కాలువ గట్టు మీద బ్రేస్

జనవరిలో ఒక ఉదయం ఆరున్నరకు సరిహద్దు కాలువ గట్టు మీది ఆర్మీ పోస్టులో దిగాను. పొగమంచు. ఇరవై అడుగుల అవతల ఏమీ కనబడదు. రెండు బంకర్లు, తొమ్మిది మందిమి, రెండు నల్ల సైకిళ్లు. పక్క పోస్టుకు ఆరు కిలోమీటర్ల టెలిఫోన్ తీగ. గట్టు మీద జీపు పట్టదు. తీగ తెగితే లైన్‌మన్ సైకిల్ మీద వెళ్లి అతకాలి. లైన్‌మన్లు ఇద్దరు. వాళ్ల మీద హవల్దారుని నేను.

పెద్ద లైన్‌మన్‌ది అడిక్‌మెట్ బస్తీ. తల్లిదండ్రులు పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్లు. నాది పక్కనే ఉన్న చిక్కడపల్లి. అందుకే డ్యూటీలో సాబ్‌ని, బంకర్లో అన్నని. అతని కుడి మోకాలిలో మృదులాస్థి దెబ్బతింది. డాక్టర్ ఇనుప కీళ్ల బ్రేస్ ఇచ్చి నాతో చెప్పాడు: "ఇది మోకాలిని పట్టి ఉంచుతుంది, బాగుచేయదు. సీటు ఎత్తుగా పెట్టి, ఖాళీ సైకిల్ మీద అరగంటే తొక్కాలి. బరువు వద్దు."

బ్రేస్ కింద తాయెత్తు కట్టుకున్నాడు. ఒక సాయంత్రం టీ దగ్గర అందరి ముందూ పట్టుకున్నాను.

"ఇదేందిరా, ఒక్క కాలికి ఇద్దరు కాపలానా?"

"అమ్మ పంపింది అన్న. ఉంటే ఏం పోతది?"

"బుద్ధి పోతది. డాక్టర్ మీద నమ్మకముంటే విప్పు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వి, విప్పి జేబులో వేసుకున్నాడు. నారాయణగూడ హేతువాద సభల్లో వాదించి పెరిగినవాణ్ణి. గెలిచానని ఇంకో గ్లాసు టీ తాగాను.

మర్నాడు ఉదయం 6:20కి తీగ తెగింది. రెండో లైన్‌మన్ బూట్లు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. కానీ మోకాలు చూసి పెద్ద లైన్‌మన్‌ని ఆపితే నిన్నటి నా వాదన ఏమవుతుంది?

"బ్రేస్ ఉంది కదా, పో."

"పోత సాబ్."

సీటు తుప్పు పట్టి పైకి లేవదు. వెనక ఎనిమిది కిలోల తీగ చుట్ట. రెండూ నాకు తెలుసు.

8:05కి ఫోన్ మోగింది. "లైన్ చాలూ అయింది సాబ్. మోకాలు జర పట్టేసింది. నడుసుకుంట వస్త."

"బ్రేస్ బిగించి తొక్కు" అన్నాను.

దారిలో మోకాలు పూర్తిగా బిగుసుకుపోయింది. తర్వాత ఆపరేషన్, ఆపైన ఇంటికి పంపేశారు. తాయెత్తు పనిచేయదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ డాక్టర్ మాటల్లో సగం వదిలేసి ఇనుప ముక్కను నమ్మమన్నవాణ్ణి నేను. అదీ మూఢనమ్మకమే. నొప్పి మాత్రం అతనిది.

సర్వీసు ముగిసి నేను కూడా ఇంటికి వచ్చేశాను. మొదటి వారంలోనే అడిక్‌మెట్ వెళ్లాను. కుంటుతూ వచ్చి తలుపు తీశాడు.

"రా అన్న. పరేషాన్ గాకు. బ్రేస్ మంచిదే. నాకే నమ్మకం తక్వైంది."

కాదు, తప్పు నాదని చెప్పడానికే వెళ్లాను. చాయ్ తాగి వచ్చేశాను.

ఇప్పుడు నా మోకాలూ అరిగింది. బ్రేస్ వేసుకుని, సీటు ఎత్తుగా పెట్టి, ఖాళీ సైకిల్ మీద అశోక్‌నగర్ దాకా రోజూ అరగంట తొక్కుతాను. హాయిగానే ఉంటుంది. అడిక్‌మెట్ వైపు మాత్రం హ్యాండిల్ తిప్పలేను.

తీగ తెగిన ఆ రోజు ఉదయం 10:40. పొగమంచులోంచి ముందు సైకిల్ చక్రం వచ్చింది, తర్వాత కుంటుతూ అతను. నేను చెప్పినంత గట్టిగా బ్రేస్ బిగించి ఉంది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి తాయెత్తు ఉన్న జేబు మీద. నన్ను చూడగానే జేబు మీది చెయ్యి చప్పున తీసేశాడు.